గూడూరు తెల్ల ఇసుక: గోల్ఫ్ బంకర్‌కు ఎంతవరకు పనికొస్తుంది?

గాజు ఫ్యాక్టరీలకు పోయే చిల్లకూరు, కోట వైపు తెల్ల ఇసుక చూడ్డానికి మల్లెపువ్వే. కానీ మార్కులు బంకర్, అంటే ఆటకు అడ్డంగా పెట్టే ఇసుక గుంట, ఎక్కడుందో చూసే వేయాలి. ఫెయిర్‌వేలో (బంతి సాగే గడ్డి బాటలో) అయిదుకు నాలుగు, గ్రీన్ (చివర గుంత ఉండే నున్నటి గడ్డి) పక్కన రెండున్నర.

కుడికి వంగే 360 గజాల పార్ 4 (నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్) అనుకోండి. వంపు లోపలి మూలన, టీ (మొదటి షాట్ కొట్టే చోటు) నుంచి 200 గజాల దగ్గర ఒక బంకర్. గ్రీన్‌కు ముందు, ఎడమ పక్క ఇంకొకటి. మొదటిదాన్ని దాటించినవాడికి గ్రీన్ వాకిలి తెరిచినట్టుంటుంది. జంకి ఎడమకు కొట్టినవాడు రెండో షాట్ ఇసుక మీదుగా లేపాలి. హోల్ అంతా ఈ బేరమే. మూల బంకర్‌లో ఇసుక గట్టిగా ఉంటే 7 ఐరన్ కర్రతో గ్రీన్ మీదికే కొట్టేస్తారు, దాన్ని లెక్కచేసేవాడుండడు. బంతి నిలువునా కూరుకుపోతే అందరూ ఎడమకే పోతారు. డ్రైవ్, అంటే టీ నుంచి కొట్టే మొదటి షాట్, వాలుగా దిగి దొర్లుకుంటూ వస్తుంది కాబట్టి తెల్ల ఇసుకలో కొంచెమే దిగుతుంది. బయటికి రావచ్చు, గ్రీన్ మాత్రం అందదు. కావలసిందీ అదే.

గ్రీన్ పక్కన కథ వేరు. అక్కడ బంతి నిటారుగా పడుతుంది. గింజ సన్నగా, గుండ్రంగా ఉంటే వాలు గోడలో గుడ్డులా ఇరుక్కుంటుంది. కార్తీక మాసపు వాయుగుండానికి ఆ గోడే జారి, కింది నల్లరేగడి పైకి తేలుతుంది. అక్కడికి 2 మి.మీ. జల్లెడ పట్టి కడిగిన పెన్నా ఇసుకే మేలు. కోణాలున్న గింజ వాలు మీద నిలుస్తుంది. రంగు కలవదంటారా, కలవకపోతే ఏం?

కొనేటప్పుడు మెష్ (జల్లెడ నంబరు, పెరిగేకొద్దీ గింజ సన్నం) అడగండి. 20–40 అంటే సుమారు 0.85 నుంచి 0.42 మి.మీ., బాగుంటుంది. 60 దాటిన పొడి ఎక్కువుంటే వద్దు. గాజు సీసాలో మూడో వంతు ఇసుక, మిగతా నీళ్లు పోసి ఊపి, రాత్రంతా కదపకుండా ఉంచండి. పైన మట్టి పొర కట్టిందంటే నాలుగు వానలకు బంకర్ అట్ట కడుతుంది. పెనెట్రోమీటర్ (బంతి ఇసుకలోకి దిగడానికి ఎంత ఒత్తిడి కావాలో చూపే పరికరం) దొరికితే చదరపు సెం.మీ.కు 2.4 కిలోలు దాటాలి. 1.8 లోపైతే బంతి పూడుతుంది.

ఇసుక మందం బంకర్ అడుగున 10 సెం.మీ., వాలుపై 5–7 చాలు. 50 చదరపు మీటర్లకు 5 ఘనపు మీటర్లు, దాదాపు 8 టన్నులు. మైపాడు తీరపు ఇసుక ఊరికే వచ్చినా వద్దు, ఉప్పుకు చుట్టూ గడ్డి మాడిపోతుంది.