ఇంట్లో లైనక్స్ కంప్యూటర్‌కి యూపీఎస్ నిఘా: ఏపీసీయూపీఎస్‌డీ మేలా, నట్ మేలా?

కిందటేడు మే నెలలో, తెనాలిలో నాన్నగారి కంప్యూటర్ మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి ఆరిపోయింది. యూపీఎస్ లేక కాదు, ఉంది. కరెంటు పోగానే కీ కీమని మొత్తుకుంది కూడా. ఆయన భోజనం చేసి ముందు గదిలో నడుం వాల్చారు, వినబడలేదు. పదకొండు నిమిషాలు బ్యాటరీ మీద నడిచి, చార్జింగ్ అయిపోయి, దబ్బున ఆగింది. సాయంత్రం ఆన్ చేస్తే డిస్కు చెక్ అడిగింది. ఫొటోలు బతికాయి గానీ కొట్టు లెక్కల డేటాబేస్ పాడైంది. రెండు రోజుల పద్దులు చిత్తు పుస్తకంలోంచి చూసి మళ్లీ ఎక్కించుకున్నారు.

ఆ పదకొండు నిమిషాల్లో కంప్యూటర్ తనంతట తాను ఫైళ్లు మూసుకుని శుభ్రంగా షట్‌డౌన్ అయి ఉండాల్సింది. దానికి కరెంటు పోయిందన్న సంగతి చెప్పేవాళ్లు లేకపోయారు. ఆ చెప్పే పని చేసే సాఫ్ట్‌వేర్లు లైనక్స్‌లో ప్రధానంగా రెండున్నాయి: ఏపీసీయూపీఎస్‌డీ, నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్. రెండోదాన్ని అందరూ నట్ అనే అంటారు. డెస్క్‌టాప్‌తోపాటు వచ్చే యూపవర్ మూడోది. ఈ మూడూ మా ఇంట్లోనో నాన్నగారింట్లోనో నడిపి చూశాను. నాకు తేలింది ఇదీ: ఏది మేలన్నది మీ యూపీఎస్ వెనకవైపు చూస్తే సగం తేలిపోతుంది, మిగతా సగం ఆ ఇంట్లో ఇన్వర్టర్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ముందు పెట్టెను వెనక్కి తిప్పి చూడండి

మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే 600 వీఏ చిన్న పెట్టెల్లో చాలావాటికి డేటా పోర్టే ఉండదు. దాని గురించి చివర్లో చెబుతాను. పోర్టు ఉంటే కేబుల్ పెట్టి, టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొట్టండి. 051డీ:0002 అని కనబడితే అది ఏపీసీ కంపెనీ పెట్టె. 0764:0501 అయితే సైబర్‌పవర్. 0665:5161 అని వచ్చి, పక్కన సైప్రెస్ సెమీకండక్టర్ పేరు ఉంటే, రకరకాల బ్రాండ్ల పేర్లతో దొరికే మామూలు పెట్టెల్లో వాడే చిప్పు అది. నాన్నగారిది ఇదే.

ఏపీసీ కొన్నవాళ్లకి ఒక మాట. కొన్ని మోడళ్ల వెనక ఉండే డేటా పోర్టు అచ్చం ల్యాన్ పోర్టులాగే కనిపిస్తుంది. దానికి మామూలు ల్యాన్ కేబుల్ పనికిరాదు. ల్యాన్ ప్లగ్గుకు 8 పిన్నులైతే దీనికి 10. రెండో కొస యూఎస్‌బీ ఉండే ఆ కంపెనీ కేబులే కావాలి, కొనేటప్పుడు అట్టపెట్టెలో ఉందో లేదో అక్కడే విప్పి చూసుకోండి.

ఏపీసీయూపీఎస్‌డీ: పది నిమిషాల పని

పేరులోనే ఉంది, ఇది ఏపీసీ పెట్టెల కోసం. వేరే కంపెనీ పెట్టె అయితే దీని మీద ఆశ పెట్టుకోకండి. ఏపీసీయే అయితే మాత్రం ఇంతకన్నా సులువైనది లేదు. ఇన్‌స్టాల్ చేశాక ఒకే ఒక్క కాన్ఫిగ్ ఫైలు. అందులో యూపీఎస్‌కేబుల్ ఎదురుగా యూఎస్‌బీ, యూపీఎస్‌టైప్ ఎదురుగా యూఎస్‌బీ, డివైస్ ఎదురుగా ఏమీ రాయకుండా ఖాళీ. ఈ మూడోదే అందరూ మర్చిపోయేది. ఆ వరసలో పాత సీరియల్ పోర్టు పేరు ముందే రాసి ఉంటుంది, దాన్ని చెరపకపోతే స్టేటస్‌లో కామ్‌లాస్ట్, అంటే పెట్టెతో సంబంధం తెగిందని కనబడుతుంది. కేబుల్ పాడైందనుకుని నేను ఒక పూటంతా దాన్ని మార్చి మార్చి చూశాను. డెబియన్, ఉబుంటు అనే లైనక్స్ రకాల పాత వెర్షన్లలో ఇంకో మెలిక ఉంది: ఈటీసీ కింద డిఫాల్ట్ ఫోల్డర్‌లో ఇదే పేరుతో ఉన్న ఫైల్లో ఈజ్‌కాన్ఫిగర్డ్ అన్నదాన్ని యెస్ చేస్తేగానీ సర్వీసు లేవదు.

తర్వాత ఏపీసీయాక్సెస్ అని కొడితే పెట్టె జాతకమంతా ఒక పేజీలో వస్తుంది. లైన్‌వీ అంటే గోడలోంచి వచ్చే వోల్టేజీ. వేసవిలో రాత్రి పూట అందరూ ఏసీలు వేసినప్పుడు ఇది ఎలా కుంగుతుందో చూస్తే మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద జాలేస్తుంది. లోడ్‌పీసీటీ అంటే పెట్టె మోస్తున్న బరువు ఎంత శాతమన్నది. బీచార్జ్ బ్యాటరీ శాతం, టైమ్‌లెఫ్ట్ మిగిలిన నిమిషాలు. నమ్‌ఎక్స్‌ఫర్స్ అన్నది సర్వీసు మొదలైనప్పటి నుంచి ఎన్నిసార్లు బ్యాటరీ మీదికి మారిందో చెబుతుంది.

కంప్యూటర్ ఎప్పుడు ఆగాలన్నదానికి మూడు హద్దులు ఇవ్వొచ్చు. బ్యాటరీ శాతం ఇంతకు పడితే, మిగిలిన నిమిషాలు ఇంతకు తగ్గితే, లేదా బ్యాటరీ మీదికి వచ్చి ఇన్ని సెకన్లు దాటితే. ఏది ముందు వస్తే దానికే షట్‌డౌన్. మామూలుగా మొదటి రెండూ 5 శాతం, 3 నిమిషాల దగ్గర ఉంటాయి, టైమౌట్ అనే మూడోది 0, అంటే లేనట్టే. మీరు మార్చాల్సింది ఆ మూడోదాన్నే. 300 పెట్టండి, ఐదు నిమిషాలు.

ఎందుకంటే పాతబడ్డ బ్యాటరీ చెప్పే శాతాన్ని నమ్మడానికి లేదు. చార్జింగ్ మీద ఉన్నంతసేపూ 100 అంటుంది, లోడు పడగానే 60 అంటుంది, మరుసటి నిమిషంలో చేతులెత్తేస్తుంది. చిన్న పెట్టెల్లో ఉండే 12 వోల్టుల 7 ఏహెచ్ (యాంపియర్ అవర్ల) లెడ్ యాసిడ్ బ్యాటరీలో కాగితం మీద లెక్క 84 వాట్ అవర్లు. 120 వాట్ల కంప్యూటర్‌కి నలభై నిమిషాలు రావాలి కదా అనిపిస్తుంది. అంత వేగంగా తోడితే అందులో సగం కూడా చేతికి రాదు. ఈ బ్యాటరీల ఆయుష్షు 25 డిగ్రీల వేడికి లెక్కగట్టింది, ఆపైన ప్రతి 10 డిగ్రీలకీ సుమారు సగానికి పడిపోతుంది. కిటికీ పక్కన, టేబుల్ కింద, వేడిగాలి కదలని మూలన పెట్టెను ఇరికించే మన ఇళ్లలో రెండేళ్లు నిలిస్తే గొప్ప. అందుకే శాతాన్ని పక్కనపెట్టి గడియారాన్ని నమ్ముకోమంటున్నాను.

దీని మీద ఒక ఫిర్యాదు ఉంది. చివరి విడుదల 3.14.14, అది 2016 నాటిది. పాత ఏపీసీ పెట్టెలకు ఇప్పటికీ రాయిలా పనిచేస్తుంది గానీ, కొత్త పెట్టె కొనేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

నట్: పని ఎక్కువ, చేతికి వచ్చేదీ ఎక్కువే

నట్ ఏ కంపెనీ పెట్టెతోనైనా మాట్లాడేందుకు చూస్తుంది. డ్రైవర్ల జాబితా చాంతాడంత ఉంటుంది. 2022లో 2.8.0 వచ్చింది, ఆ తర్వాత కూడా పని ఆగలేదు. నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచుకునే సినాలజీ నాస్ పెట్టెల్లో లోపల నడిచేదీ ఇదే.

మొదటిసారి కూర్చున్నవాళ్లను భయపెట్టేది ఫైళ్ల సంఖ్య. నట్.కాన్ఫ్‌లో మోడ్ చెప్పాలి. మొదట అది నన్ అని ఉంటుంది, ఒక్క కంప్యూటరే అయితే స్టాండెలోన్ చేయాలి. యూపీఎస్.కాన్ఫ్‌లో పెట్టె పేరు, డ్రైవర్. యూపీఎస్‌డీ.యూజర్స్‌లో ఒక యూజరు, పాస్‌వర్డు. యూపీఎస్‌మాన్.కాన్ఫ్‌లో ఆ పెట్టెను ఈ యూజరుతో కనిపెట్టుకుని ఉండమని ఒక వరస. పెట్టెతో మాట్లాడేవాడు ఒకడు, ఆ కబురు పంచేవాడు ఒకడు, కబురు విని కంప్యూటర్ని ఆపేవాడు ఇంకొకడు. ఈ ముగ్గురి పనులు విడివిడిగా ఉన్నాయని పట్టుకుంటే నాలుగు ఫైళ్లూ వాటంతట అవే అర్థమవుతాయి.

డ్రైవర్ ఏది రాయాలో నట్‌-స్కానర్ చెప్పేస్తుంది. ఏపీసీ, సైబర్‌పవర్‌ల యూఎస్‌బీ పెట్టెలకు యూఎస్‌బీహెచ్ఐడీ-యూపీఎస్. నాన్నగారి 0665:5161 పెట్టెకు నట్‌డీఆర్‌వీ_క్యూఎక్స్. అన్నీ రాశాక డ్రైవర్ లేవకుండా అనుమతి లేదని మొరాయిస్తే కంగారుపడకండి. నట్ ఇన్‌స్టాల్ కాకముందే కేబుల్ పెట్టి ఉంటే ఇలా అవుతుంది. ఒకసారి ఊడదీసి పెడితే సరిపోతుంది.

ఈ మామూలు పెట్టెల్లో ఒక విచిత్రం ఉంది. బ్యాటరీ శాతం ఎంతో వాటికే తెలియదు, వోల్టేజీ ఒక్కటే చెబుతాయి. శాతాన్ని డ్రైవరే ఊహించి చెబుతుంది. నిండినప్పుడు 13 వోల్టులు, ఖాళీ అయినప్పుడు 10.4 అని నేను యూపీఎస్.కాన్ఫ్‌లో రాశాను. కరెంటు ఉన్నంతసేపూ బ్యాటరీ 13.6 దగ్గర ఉంటుంది కాబట్టి 100 చూపిస్తుంది. నాన్నగారింట్లో స్విచ్చి తీయగానే వోల్టేజీ ఒక్క ఉదుటున 12.1కి దిగింది, తెరమీద 100 కాస్తా 65 అయింది. ఆయన బ్యాటరీ పోయిందనుకున్నారు. లోడు పడితే ఏ బ్యాటరీ అయినా అలాగే కుంగుతుందని, అక్కడి నుంచి నెమ్మదిగా దిగుతుందని కూర్చోబెట్టి చూపించాల్సి వచ్చింది.

ఇక్కడ కూడా శాతాన్ని నమ్మకుండా ఐదు నిమిషాల లెక్కే పెడదామంటే, నట్‌లో అది ఒక్క వరసతో పోదు. యూపీఎస్‌షెడ్ అని ఇంకో ముక్కను కలపాలి. కరెంటు పోయిందన్న కబురు రాగానే 300 సెకన్ల టైమర్ మొదలు, తిరిగి వస్తే రద్దు, పూర్తయితే ఒక చిన్న స్క్రిప్టు షట్‌డౌన్ పిలవడం. రాయడానికి అరగంట పట్టింది. ఇదే పని ఏపీసీయూపీఎస్‌డీలో ఒక అంకె మార్చడమని గుర్తొచ్చి కాస్త విసుగనిపించింది.

నట్ అసలు బలం రెండో కంప్యూటర్ వచ్చినప్పుడు తెలుస్తుంది. ఒకే పెట్టె మీద డెస్క్‌టాపూ, రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటరూ, నాస్ ఉన్నాయనుకోండి. కేబుల్ ఒక్కదానికే పెడతాం. అది ఇంటి నెట్‌వర్క్‌లో 3493 నంబరు పోర్టు మీద కబురు పంచుతుంది, మిగతావి విని తమంతట తాము ముందు ఆగుతాయి, కేబుల్ ఉన్నది ఆఖరున ఆగుతుంది. ఏపీసీయూపీఎస్‌డీ కూడా 3551 పోర్టు మీద ఇలాంటిదే చేస్తుంది. కానీ వినేవాళ్లంతా అదే భాష మాట్లాడాలి, నాస్ పెట్టెలకు వచ్చింది నట్ భాష. రెండు మూడు యంత్రాలుంటే ఏపీసీ పెట్టె ఉన్నా సరే, నేను నట్‌కే ఓటేస్తాను.

యూపవర్ సంగతి రెండు మాటల్లో. గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లో యూఎస్‌బీ పెట్టగానే పైన బ్యాటరీ బొమ్మ వస్తుంది, ఏ ఫైలూ ముట్టనక్కర్లేదు. చూసుకోవడానికి బాగుంది. కానీ మొదటి అమరికలో అది చర్య తీసుకునేది 2 శాతం దగ్గర, అదీ హైబ్రిడ్ స్లీప్, అంటే పనిని డిస్కులో దాచుకుని నిద్రపోవడం, షట్‌డౌన్ కాదు. ల్యాప్‌టాప్ లిథియం బ్యాటరీకి సరిపోయే ఆ లెక్క రెండేళ్ల లెడ్ యాసిడ్‌కి పనికిరాదు. ఆ 2 శాతం వచ్చేలోపే పెట్టె ఆగిపోతుంది. దీని ఒక్కదాని మీదే ఆధారపడకండి.

ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో

ఇంటర్నెట్‌లో ఇంగ్లిష్ గైడ్లు ఎన్ని చదివినా ఈ సంగతి ఎవరూ రాయరు, ఎందుకంటే వాళ్ల ఇళ్లలో ఇన్వర్టర్ ఉండదు. విజయవాడలో మా ఇంట్లో 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీతో ఇన్వర్టర్ ఉంది, కంప్యూటర్ ప్లగ్గు ఆ లైన్‌లోనే ఉంది. ఒకరోజు మూడు గంటలపాటు కరెంటు లేదు. ఏపీసీయాక్సెస్ కొట్టి చూస్తే స్టేటస్ ఆన్‌లైన్ అని నిక్షేపంగా ఉంది. యూపీఎస్‌కి ఇన్వర్టర్ ఇచ్చేదే కరెంటు మరి. ఇన్వర్టర్ బ్యాటరీ చివరికి వచ్చి ఆగాకే అది కళ్లు తెరుస్తుంది. అప్పటికైనా తన సొంత ఐదు నిమిషాలు ఉంటాయి కాబట్టి డేటా పోదు, నిఘా వృథా కాదు. అయితే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే కొన్ని యూపీఎస్‌లు ఆ కరెంటును ఒప్పుకోవు, టక్ టక్‌మని బ్యాటరీకీ లైన్‌కీ మధ్య ఊగుతూ తమ బ్యాటరీని తామే తోడేసుకుంటాయి. సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో నాకు ఆ బాధ రాలేదు.

కంప్యూటర్‌కి అసలు కరెంటు పోయిన సంగతే తెలియాలంటే, లేదా యూపీఎస్‌కి డేటా పోర్టే లేకపోతే, మూడో దారి ఉంది. మూలన పడేసిన పాత రౌటర్‌ని ఇన్వర్టర్ లేని ప్లగ్గులో పెట్టి, ల్యాన్ కేబుల్‌తో అసలు రౌటర్‌కి కలిపాను. అసలు రౌటర్ ఇన్వర్టర్ మీద ఉంటుంది. కంప్యూటర్ నిమిషానికోసారి రెండిటినీ పింగ్ చేస్తుంది, అంటే ఉన్నావా అని పలకరిస్తుంది. పాతది పలకక, అసలుది పలికితే కరెంటు పోయినట్టు. రెండూ పలకకపోతే నెట్‌వర్క్‌కే ఏదో అయింది, తొందరపడకూడదు. మా ఫ్యాన్లూ లైట్లూ నడవగా ఇన్వర్టర్ మీద రెండు గంటలు ధైర్యంగా ఉండొచ్చు కాబట్టి, గంటన్నర దాటితే షట్‌డౌన్ అని రాశాను. పదిహేను వరసల బ్యాష్ స్క్రిప్టు, దాన్ని నిమిషానికోసారి నడిపే ఒక సిస్టమ్‌డీ టైమర్, అంతే. పోర్టు లేని యూపీఎస్ ఒక్కటే ఉన్నవాళ్లు ఆ అసలు రౌటర్‌ని కూడా యూపీఎస్ మీదే పెట్టి, గంటన్నర బదులు మూడు నిమిషాలు రాసుకోవాలి.

ఏది పెట్టుకున్నా పరీక్ష చేయకుండా వదలకండి. ప్లగ్గు పీకొద్దు, ఎర్తింగ్ కూడా పోతుంది. బోర్డు మీద స్విచ్చి తీయండి, ఫేజు మాత్రమే తెగుతుంది. మొదటిసారి కంప్యూటర్‌ని యూపీఎస్ నుంచి తప్పించి వేరే ప్లగ్గులో పెట్టి, యూపీఎస్‌కి పాతకాలపు 60 వాట్ల ఫిలమెంట్ బల్బు తగిలించి, అంకెలు ఎలా దిగుతున్నాయో తెరమీద చూడండి. బల్బు ఆరేదాకా ఎన్ని నిమిషాలో రాసిపెట్టుకుంటే, మీ కంప్యూటర్ లోడుతో పోల్చుకుని టైమౌట్ ఎంత పెట్టాలో తెలుస్తుంది. బయోస్‌లో కరెంటు వస్తే దానంతట అదే ఆన్ అయ్యే ఆప్షన్ కూడా అప్పుడే చూసుకోండి.

ఇప్పుడు మా ఇంట్లో ఏపీసీయూపీఎస్‌డీ, దాని పక్కన పింగ్ స్క్రిప్టు నడుస్తున్నాయి. తెనాలిలో నట్. జూలైలో ఒక రాత్రి నాన్నగారు ఫోన్ చేశారు. "ఇందాక కరెంటు పోయిందిరా, ఐదు నిమిషాలకి కంప్యూటర్ దానంతట అదే ఆగిపోయింది. ఆపమని నువ్వు చెప్పావా అక్కడి నుంచి?" అన్నారు. యూపీఎస్ చెప్పింది నాన్నా, అన్నాను. బ్యాటరీలో అప్పటికింకా 12 వోల్టులు ఉన్నాయని మర్నాడు లాగ్‌లో చూశాను.