పాత ల్యాప్‌టాప్‌తో గ్లగ్‌కు వెళ్లాలనుకునే వారికి

హైదరాబాద్ ఇంజనీరింగ్ కళాశాలల్లో విద్యార్థులు నడిపే గ్నూ/లినక్స్ (విండోస్‌కు బదులుగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్) యూజర్ గ్రూపులను అందరూ గ్లగ్ అనే పిలుస్తారు. డెబియన్ అనే లినక్స్ రకం ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను అందించాలని 2005లో మొదలైన స్వేచ్ఛ ఉద్యమం వీటికి ఊతమిచ్చింది. మా ఇంటికి దగ్గరలోని ఒక గ్లగ్ ఆదివారాల్లో జరిపే ఇన్‌స్టాలేషన్ శిబిరానికి వెళ్లి, ఆ తర్వాత కూడా వారి సమావేశాలకు హాజరవుతున్న అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. రుసుము లేదు, సభ్యత్వమూ అక్కర్లేదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగియడం, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని యంత్రాలను విండోస్ 11 అధికారికంగా అంగీకరించకపోవడం వల్ల, చక్కగా పనిచేస్తున్న ల్యాప్‌టాప్‌లను మూలన పడేయలేని వారే ఇక్కడికి ఎక్కువగా వస్తున్నారు. వారి పట్ల ఈ విద్యార్థులు చూపే శ్రద్ధ మెచ్చుకోదగినది. ముందుగా డిస్కుకు బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఉందేమో చూసి, ఉంటే దాన్ని తెరిచే రికవరీ కీని కాగితంపై రాయించిన తర్వాతే పార్టిషన్ల (డిస్కులోని విభాగాల) జోలికి వెళతారు. పెన్‌డ్రైవ్ నుంచే డెబియన్‌ను నడిపించి వైఫై, స్పీకర్లు, వెబ్‌క్యామ్ సరిగ్గా ఉన్నాయని యజమానికి చూపిస్తారు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ (వైఫై వంటి పరికరాలను పనిచేయించే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాలర్‌లోనే ఉండటంతో వైఫై ఇబ్బంది చాలావరకు తగ్గింది. అయితే అందులో కొంత భాగం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (ఎవరైనా పరిశీలించి, మార్చి, పంచుకోగలిగేది) కాదన్న సంగతిని కూడా వారు దాచకుండా చెప్పడం నాకు ఎంతో నచ్చింది.

అన్నింటికంటే విలువైన విషయం, వారు మన కీబోర్డును ముట్టుకోరు. నా పక్కన కూర్చున్న విశ్రాంత ఉపాధ్యాయురాలితో "అమ్మా, మీరే టైప్ చేయండి, నేను చూస్తుంటాను" అంటూ ఐబస్ అనే టైపింగ్ సాధనంలో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికను పెట్టించి, ఆమె "శ్రీకాకుళం" అని తప్పు లేకుండా రాసేదాకా ఆ విద్యార్థి ఓపికగా నిలబడ్డాడు. డబ్బు తీసుకునే సర్వీస్ సెంటర్లలో ఇంతటి ఓర్పును నేను చూడలేదు.

లోపాలూ ఉన్నాయి. పరీక్షల కాలంలో శిబిరాలు పూర్తిగా ఆగిపోతాయి, చివరి సంవత్సరం విద్యార్థులు వెళ్లిపోగానే వారికి తెలిసిన మెలకువలు కూడా వారితోనే పోతాయి. ప్రింటర్ డ్రైవర్ విషయంలో నాకు ఒకరు చెప్పిన పరిష్కారాన్ని తర్వాతి బృందంలో ఎవరూ గుర్తించలేకపోయారు. చేసిన ప్రతి పనినీ తెలుగులో రాసి, జూనియర్లకు అప్పగించే పద్ధతి తక్షణమే మొదలుపెట్టాలని వారిని గట్టిగా కోరుతున్నాను.

ఇంటి అవసరాలకు, చదువులకు, తెలుగు రాతకోతలకు కంప్యూటర్ వాడేవారు నిస్సంకోచంగా వెళ్లవచ్చు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో (విండోస్‌లో నడిచే పేజీల కూర్పు సాఫ్ట్‌వేర్) పనిచేసే డీటీపీ వారు మాత్రం విండోస్‌ను తీసేయకుండా, రెండూ పక్కపక్కనే ఉండేలా వేయించుకోవాలి. ఎవరైనా సరే ఛార్జర్ తీసుకువెళ్లాలి, ఫోటోలనూ పత్రాలనూ వేరే డిస్కులోకి ముందే కాపీ చేసుకోవాలి, మధ్యాహ్నానికల్లా బయటపడాలన్న తొందర లేని రోజును ఎంచుకోవాలి.