ఒకసారి బిగించాక విప్పకూడని సామాను: ఏడేళ్లు వాడాక

మొన్న జూన్‌లో ఇల్లు మారాం. సామాన్లు కట్టడానికి వచ్చిన కుర్రాడు మా వార్డ్‌రోబ్‌ను విప్పి, పక్క పలకను ఎత్తి గోడకు ఆనించబోయాడు. దాని కింది అంచు అతని చేతిలో అటుకుల్లా రాలింది. "అక్కా, ఇది కొత్తింట్లో నిలబడదు. మోసుకెళ్లడం దండగ" అన్నాడు. 2018 నవంబరులో 14,500 రూపాయలు పెట్టి కొన్న వార్డ్‌రోబ్ అది. అదే లారీలో ఎక్కిన మా రబ్బరు చెక్క డైనింగ్ టేబుల్ మాత్రం కాళ్లు విప్పుకొని వెళ్లి, రాత్రి భోజనాల వేళకు కొత్తింట్లో గట్టిగా నిలబడి ఉంది. రెండూ అట్టపెట్టెల్లో పలకలుగా వచ్చినవే. రెండూ అలెన్ కీతో (బోల్టులు తిప్పే వంకర చువ్వ) మేమే బిగించుకున్నవే. మరి ఒకటి ఎందుకు పోయింది, ఇంకోటి ఎందుకు నిలిచింది? ఈ ఏడేళ్లలో నాకు అర్థమైంది రాస్తున్నాను. అద్దె ఇళ్లలో ఉంటూ ఇలాంటివి కొనబోయేవాళ్లకు పనికొస్తుంది.

2018 ఆగస్టు 9న హైటెక్ సిటీ దగ్గర స్వీడన్‌లో పుట్టిన ఫర్నిచర్ కంపెనీ ఐకియా దుకాణం తెరిచారు. మన దేశంలో వాళ్ల మొదటి దుకాణం అదే. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ఎవరింటికి వెళ్లినా ఆ మాటే. మాకు అప్పుడే పెళ్లయింది, కూకట్‌పల్లిలో రెండో అంతస్తులో ఖాళీ ఇల్లు. ఒక చిన్న టేబుల్ ఐకియాలో కొన్నాం. మిగతావి కొన్ని ఆన్‌లైన్‌లో, కొన్ని మా వీధి చివర దుకాణంలో తీసుకున్నాం. వార్డ్‌రోబ్, బుక్‌షెల్ఫ్, కింద సామాను పెట్టుకునే పెట్టె మంచం, డైనింగ్ టేబుల్, నాలుగు కుర్చీలు. అన్నీ కలిపి 62,000 దాకా అయింది. ప్లైవుడ్‌తో వార్డ్‌రోబ్ ఒక్కటి చేయించడానికే కార్పెంటర్ 40,000 చెప్పాడు. కొత్త సంసారానికి ఆ లెక్క చూస్తే ఇంకో ఆలోచన రాలేదు. ఇప్పటికీ ఆ నిర్ణయం తప్పని నేను అనుకోవడం లేదు. కానీ ఏ వస్తువును ఏ రకంలో కొనాలో అప్పుడు తెలిసి ఉంటే సగం డబ్బు మిగిలేది.

ముందు పలక సంగతి. ఈ తక్కువ ధర సామానులో చాలావరకు పార్టికల్ బోర్డే. చెక్క ముక్కలను, పొట్టును జిగురుతో కలిపి, వేడి మీద అదిమి పలకగా చేస్తారు. పైన చెక్క రంగు కాగితం లాంటి పొర అతికిస్తారు, అంచులకు పట్టీ వేస్తారు. దుకాణంలో "ఇంజనీర్డ్ వుడ్" అంటే టేకుకు తమ్ముడేమో అనిపిస్తుంది. అడిగి తెలుసుకోండి, అది పార్టికల్ బోర్డా, ఎం.డి.ఎఫ్.నా (సన్నటి చెక్క నారను జిగురుతో అదిమిన పలక), ప్లైవుడ్డా అని. పొడిగా ఉన్నచోట పార్టికల్ బోర్డు ఏళ్ల తరబడి బాగానే ఉంటుంది. మా వార్డ్‌రోబ్ తలుపులు ఈ రోజుకీ గీత పడకుండా ఉన్నాయి. దాని శత్రువు నీళ్లు. అందులో మామూలుగా వాడే జిగురు తడికి పట్టు వదులుతుంది, చెక్క పొట్టు నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఒకసారి ఉబ్బిన పలక ఆరాక మళ్లీ మునుపటిలా అవ్వదు.

ఇక్కడే మన ఇళ్ల అలవాటు లెక్కలోకి వస్తుంది. మనం రోజూ తడిగుడ్డ పెడతాం. పండగ ముందు బకెట్లతో నీళ్లు పోసి ఇల్లంతా కడుగుతాం. ఆ నీళ్లు బీరువాల కిందికి వెళ్లి నిలుస్తాయి. ఇనుప బీరువాకు కాళ్లుంటాయి. మంచానికీ కాళ్లుంటాయి. ఈ వార్డ్‌రోబ్‌కు కాళ్లు లేవు, పక్క పలకలే నేల మీద ఆనుతాయి. పై అంచులకు, ముందు అంచులకు పట్టీ ఉంటుంది గానీ, చాలా వస్తువుల్లో నేలకు ఆనే అంచు మాత్రం పచ్చిగా వదిలేస్తారు. కనపడదు కదా అని. మాది అలాగే ఉందని విప్పిన రోజు దాకా మాకు తెలియదు. 2021లో నిజాంపేటలో గ్రౌండ్ ఫ్లోర్‌కు మారాక అక్కడి గోడ చెమ్మ కూడా తోడైంది. అక్కడ రెండు వానాకాలాలు గడిచేసరికి కింది అంచు వేలెడు ఎత్తున పొంగి, పై పొర పగిలింది. తలుపులు ఒకదానికొకటి రాసుకోవడం మొదలైంది. అప్పుడే చూసుకోవాల్సింది.

దానికి మందు చాలా సులువు, ఖర్చూ తక్కువే. బిగించేముందే పలకలను తిరగేసి, కింది అంచులకు ఫెవికాల్ కాదు, నీళ్లకు తట్టుకునే పెయింట్‌గానీ వార్నిష్‌గానీ రెండు పూతలు వేయాలి. కింద నాలుగు మూలలా రబ్బరు బుష్‌లు పెట్టాలి. హార్డ్‌వేర్ దుకాణంలో చిల్లర డబ్బులకు దొరుకుతాయి. నేల నుంచి సెంటీమీటరు ఎత్తు ఉన్నా చాలు, తడిగుడ్డ నీళ్లు అంటుకోవు. మా బుక్‌షెల్ఫ్‌కు నిజాంపేట వెళ్లిన మొదటి వారంలోనే ఇలా బుష్‌లు వేయించాం. అది అదే చెమ్మ గోడ పక్కన నాలుగేళ్లు ఉండి కూడా కింద ఒక్క చోట ఉబ్బలేదు.

రెండోది, విప్పడం. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. ఇలాంటి సామాను ఎలా మొదలైందో ఐకియా వాళ్లు ఒక కథ చెబుతారు. 1950లలో గిల్లిస్ లుండ్‌గ్రెన్ అనే వాళ్ల ఉద్యోగి ఒక టేబుల్‌ను కారులో పెట్టబోతే పట్టలేదట. కాళ్లు ఊడదీసి పెట్టాడట. అంటే దుకాణం నుంచి ఇంటికి చేరే ఒక్క ప్రయాణం కోసం పుట్టిన ఉపాయం ఇది. మనం దాన్ని ప్రతి ఇల్లు మారినప్పుడూ పనికొచ్చే గుణం అనుకుంటున్నాం. పలకలుగా వచ్చింది కాబట్టి మళ్లీ పలకలుగా విప్పి తీసుకెళ్లొచ్చని మేమూ అనుకున్నాం.

పార్టికల్ బోర్డులో మూలలను కలిపేది కామ్ లాక్. ఒక పలకలో చిన్న బోల్టు దిగుతుంది, ఇంకో పలకలో గుండ్రటి బిళ్ల ఉంటుంది. బిళ్లను స్క్రూడ్రైవర్‌తో సగం తిప్పితే అది బోల్టు తలను పట్టుకొని లాగి రెండు పలకలనూ బిగిస్తుంది. మొదటిసారి చక్కగా పట్టుకుంటుంది. కానీ ఆ బోల్టు మరలు పట్టుకున్నది పొట్టునే. విప్పినప్పుడు ఆ పొట్టు కొంచెం రాలుతుంది, మళ్లీ బిగించినప్పుడు రంధ్రం కొంచెం పెద్దదవుతుంది. మొదటి షిఫ్టింగ్ తర్వాత మా వార్డ్‌రోబ్ ముట్టుకుంటే పక్కకు ఊగేది. కార్పెంటర్ వచ్చి రంధ్రాల్లో ఫెవికాల్ పోసి, అగ్గిపుల్లలు దూర్చి, ఆరాక మళ్లీ బోల్టు బిగించాడు. అది నాలుగేళ్లు నిలిచింది. రెండోసారి విప్పేసరికి పుల్లలతో సహా పలక ముక్క ఊడొచ్చింది.

ఊగడానికి ఇంకో కారణం కూడా ఉంది. వెనక వేసే 3 మిల్లీమీటర్ల పల్చటి రేకు లాంటి పలకను ఎవరూ లెక్కచేయరు. ఎవరికీ కనపడదని, మేకులు కొట్టే పని ఎక్కువని వదిలేసేవాళ్లను కూడా చూశాను. పెట్టె మొత్తాన్ని నాలుగు మూలలా నిటారుగా పట్టి ఉంచేది ఆ పలకే. అది లేకపోతే పక్కకు ఊగే ఒత్తిడంతా కామ్ లాక్‌ల మీద పడుతుంది. ప్రతి చిన్న మేకూ కొట్టండి. ఇల్లు మారాక వెనక పలక కొత్తది వేయించినా ఖర్చు తక్కువే.

డైనింగ్ టేబుల్ దగ్గర కథ వేరు. అది రబ్బరు చెక్క. పాలు తగ్గిన రబ్బరు చెట్లను కొట్టేశాక వచ్చే చెక్క అది, మనకు ఎక్కువగా కేరళ నుంచి వస్తుంది. టేకంత గట్టిది కాకపోయినా అసలైన చెక్క. కాళ్లకు పైపలకకు మధ్య ఇనుప బోల్టు వెళ్లి లోపలున్న ఇనుప నట్టులోనే బిగుస్తుంది. ఇనుము ఇనుమును పట్టుకుంటుంది కాబట్టి ఎన్నిసార్లు విప్పినా రంధ్రం చెడదు. రెండు షిఫ్టింగులు అయ్యాయి, మా పాప దాని మీదకెక్కి గెంతింది, కుర్చీల్లో ఒక్కదానికి మాత్రం కీలు కొంచెం వదులైంది. 18,000 పెట్టిన ఆ వస్తువు ఇంకా చాలా ఏళ్లు వచ్చేలా ఉంది కాబట్టి, సంవత్సరాల లెక్కన చూస్తే చివరికి వార్డ్‌రోబ్ కంటే చవకే పడుతుంది. అందుకే కొనేముందు నేను ఇప్పుడు ఒకటే అడుగుతాను: బోల్టు ఎందులో బిగుస్తుంది, ఇనుములోనా, పొట్టులోనా?

బుక్‌షెల్ఫ్ గురించి. వెడల్పు 80 సెంటీమీటర్లు. మా ఆయన పోటీ పరీక్షల పుస్తకాలు, పాత వారపత్రికలు అన్నీ మధ్య అరలో పేర్చారు. ఏడాదిన్నరకు అర మధ్యలో కిందికి వంగింది. అర పొడవు రెట్టింపు అయితే, మధ్యలో అదే బరువుకు వంపు ఎనిమిది రెట్లు అవుతుంది. కాబట్టి 40 సెంటీమీటర్ల అర, 80 సెంటీమీటర్ల అర చూడటానికి ఒకే మందం ఉన్నా ఒకటి కావు. వంగిన పలకను తిరగేసి పెట్టాం. కొన్ని నెలలకు చదునైంది. ఇప్పుడు ఏడాదికోసారి సంక్రాంతికి దులిపేటప్పుడు అరలు తిరగేస్తాం. బరువు పుస్తకాలు కిందికి, బట్టబొమ్మలు పైకి.

ఐకియాలో కొన్న చిన్న టేబుల్ పేరు లాక్ (LACK). మధ్యలో తేనెపట్టు లాంటి కాగితపు గదులు, పైన కింద పల్చటి పలకలు. అందుకే ఒక్క చేత్తో ఎత్తొచ్చు. దాని మీద నిలబడటానికి కాదు, కాఫీ కప్పు, పేపరు పెట్టుకోవడానికి. అంతవరకు వాడితే చెప్పడానికి ఫిర్యాదే లేదు. కాళ్లు నాలుగూ ఇప్పటికీ బిగువుగా ఉన్నాయి.

మంచం సంగతి తొందరగా చెప్తాను. పెట్టె మంచం పార్టికల్ బోర్డులో కొనకండి. మనుషుల బరువు, లోపల పరుపుల బరువు, రోజూ పైపలక ఎత్తి దించడం, ఆ మూలలు తట్టుకోలేవు. మాది మూడో ఏట ఒకవైపు పట్టీ చీలింది. ఇప్పుడు ఇనుప ఫ్రేము మంచం వాడుతున్నాం.

చిన్నపిల్లలున్న ఇళ్లకు ఒక మాట, ఇది తప్పకుండా వినాలి. ఎత్తైన బుక్‌షెల్ఫ్‌లు, సొరుగుల బీరువాలు గోడకు బిగించాలి. పిల్లలు సొరుగులు లాగి మెట్లలా ఎక్కుతారు, బీరువా ముందుకు పడుతుంది. పిల్లల ప్రాణాలు పోయాక 2016లో అమెరికాలో ఐకియా సుమారు 2.9 కోట్ల సొరుగుల బీరువాలను రీకాల్ చేయాల్సి (వెనక్కి తీసుకోవాల్సి) వచ్చింది. పెట్టెలో గోడకు బిగించే క్లిప్పు వస్తుంది. అద్దె ఇల్లు, ఓనర్ మేకు కొట్టనివ్వరని దాన్ని చాలామంది పక్కన పడేస్తారు. మేము నిజాంపేట ఓనర్ అంకుల్‌తో పాపను చూపించి మాట్లాడాం. ఖాళీ చేసేటప్పుడు రంధ్రాలు పూడ్చి రంగు వేయిస్తామంటే వెంటనే ఒప్పుకున్నారు. అడగాలి, అంతే.

ధర విషయానికొస్తే, వార్డ్‌రోబ్ ఏడేళ్లకు దగ్గరగా వచ్చింది. ఏడాదికి రెండు వేల పైచిలుకు పడింది. అద్దెకు తెచ్చుకున్నా అంతకంటే ఎక్కువే అయ్యేది, కాబట్టి నష్టం అనను. నీళ్లు తగలకుండా, విప్పకుండా ఉంటే ఇంకో ఐదేళ్లు వచ్చేదని నా నమ్మకం. రెండేళ్లకోసారి ఇల్లు మారేవాళ్లయితే వార్డ్‌రోబ్ ఈ రకంలో వద్దు. సెకండ్ హ్యాండ్ ఇనుప బీరువా తీసుకోండి. సొంతిల్లు కట్టుకుని, కదిలించే పని లేనివాళ్లు బాత్రూమ్ గోడకు దూరంగా పెట్టుకోగలిగితే నిక్షేపంగా కొనొచ్చు. వంటింట్లో, సింకు కింద మాత్రం ఎవరు ఏమి చెప్పినా ఇది వద్దు. అక్కడ నీళ్లకు తట్టుకునే 710 గ్రేడ్ ప్లైవుడ్డే వేయించండి.

మియాపూర్ కొత్తింట్లో ఇప్పుడు బట్టలకు మా అమ్మ పెళ్లినాటి ఇనుప బీరువా తెచ్చుకున్నాం. ముప్పై ఐదేళ్ల బీరువా, అద్దం మీద రెండు మచ్చలు తప్ప ఏమీ కాలేదు. పాత వార్డ్‌రోబ్ తలుపులు రెండూ బాగున్నాయని పారేయలేదు. కార్పెంటర్ ఒకదాన్ని కోసి, కోసిన అంచుకు పట్టీ అంటించి, ఇనుప కాళ్ల మీద బిగించి పాపకు చదువుకునే బల్ల చేసి ఇచ్చాడు. 700 తీసుకున్నాడు. రెండోది అటక మీద ఉంది.