1978 బుల్లెట్, పదేళ్ళ వాడకం తర్వాత: ఏది ఉంచాను, ఏది మార్చాను

నాన్న నడిపిన 1978 మోడల్ బుల్లెట్ 350ని విజయవాడ ఆటోనగర్‌లో మొత్తం విప్పించి మళ్ళీ కట్టించి పదేళ్ళు దాటింది. ఇది ఆదివారం తుడిచి ఫొటో తీసుకునే బండి కాదు, గట్టి వానరోజు తప్ప ఆఫీసుకు దీని మీదే వెళ్తాను. మా బావ దగ్గర కూడా అదే ఏడాది బుల్లెట్ ఉంది. ఆయన దాన్ని తన సరదాకు తగ్గట్టు మార్పించుకున్నాడు: కింద వంగిన హాండిల్, ఒంటి సీటు, ముందు డిస్క్ బ్రేకు, ఎడమ పక్కకు గేరు. రెండూ ఒకే మెకానిక్ చేతిలో తయారయ్యాయి కాబట్టి పోల్చి చూసుకోవడం తేలికైంది.

ముందు ఆమ్మీటర్ (బ్యాటరీలోకి కరెంటు ఎక్కుతోందో దిగుతోందో ముల్లుతో చూపే మీటరు) సంగతి చెప్పాలి, ఎందుకంటే దాన్ని చాలామంది అలంకారం అనుకుంటారు. పాయింట్ల ఇగ్నిషన్ (రెండు చిన్న మొనలు కలిసి విడిపోతూ నిప్పురవ్వ పుట్టించే పద్ధతి) ఉన్న బండిలో తాళం తిప్పి కిక్ మెల్లగా నొక్కుతుంటే, పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపూ ముల్లు డిశ్చార్జి వైపు వాలి ఉంటుంది. అవి తెరుచుకోగానే మధ్యకు వస్తుంది. పిస్టన్ కంప్రెషన్ పైకొసకు చేరిందని అర్థం. అప్పుడు సిలిండర్‌లో ఒత్తిడిని వదిలేసే డీకంప్రెసర్ లివర్ పట్టి కిక్‌ను ఇంకాస్త కిందికి దించి, లివర్ వదిలి, కిక్ పైకి రానిచ్చి ఒక్కసారి నిండుగా తొక్కితే స్టార్టవుతుంది. బలం అక్కర్లేదు. అరవై దాటాక కూడా నాన్న చెప్పులు వేసుకునే కిక్ కొట్టేవారు (మీరు మాత్రం బూట్లు వేసుకోండి).

బావ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ వేయించాడు. పాయింట్లు శుభ్రం చేసే పని తప్పింది, ఆ సుఖాన్ని కాదనను. కానీ ఇప్పుడు ఆయన బండిలో ముల్లు ఆ కబురు చెప్పదు. పిస్టన్ ఎక్కడుందో కాలికి తగిలే బరువును బట్టి ఊహించుకోవాలి. ఊహ తప్పిన రోజు కిక్ ఎదురుతన్నుతుంది. ఆయన చీలమండ ఆ దెబ్బ తినే ఉంది. పాత బండిలో ఒక భాగం ఇంకోదాన్ని నమ్ముకుని పనిచేస్తుంది. ఒకటి తీసేస్తే రెండోది ఉత్త బొమ్మగా మిగలడం నేను బాగా చూసింది ఇక్కడే. అందుకే నేను పాయింట్లు ఉంచేశాను. గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టుకుంటే ఏ ఇబ్బందీ లేదు. టాపెట్ల (వాల్వుల దగ్గరి సందు సరిచేసే) పని ఇంకా సులువు: ఇంజన్ పూర్తిగా చల్లారాక పుష్‌రాడ్‌ను (వాల్వును కదిపే కడ్డీని) వేళ్ళతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు.

అలాగని అన్నీ పాతవే ఉంచలేదు. ఆరు ఓల్టుల కరెంటును పన్నెండుకు మార్పించాను. ఆ పాత హెడ్‌లైట్ వెలుగులో మనకు రోడ్డు కనిపించదు, లారీవాడికి మనం కనిపించం. ఆమ్మీటర్ కొలిచేది ఆంపియర్లు కాబట్టి ఓల్టులు మారినా దాని పని దానిది. కార్బురేటర్ లోపల పూర్తిగా అరిగిపోవడంతో తర్వాతి బుల్లెట్లకు వచ్చిన మిక్‌కార్బ్ వేయించాను. 1950ల మధ్యలో మద్రాసులో తయారవడం మొదలైన ఈ ఇంజన్ తీరు దశాబ్దాల పాటు పెద్దగా మారలేదు. అందుకే పాతదానికి కొత్తవాటి సామాను చాలావరకు సరిపోతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు కనుక పెట్రోలు పైపూ రబ్బరు వాషర్లూ కూడా దానికి తట్టుకునేవి వేయించాను. బండిని నెలల తరబడి నిలబెడితే టాంకు లోపల తుప్పు పడుతుంది, అది వేరే కథ.

గేరు లివర్ కుడివైపే ఉంది. మొదటిది పైకి, మిగిలిన మూడూ కిందికి. బ్రేకు ఎడమ కాలికి. నాకు ఇదే ఇష్టం, కానీ ఇంట్లో వేరే బండి కూడా నడిపేవాళ్ళకు ఇది నిజంగా ప్రమాదం. కంగారులో కాలు అలవాటైన వైపే తొక్కుతుంది. అందుకే తాళం ఎవరికీ ఇవ్వను. బావ వేయించిన ఎడమ గేరు కిట్‌లో అడ్డంగా వెళ్ళే రాడ్డు కీళ్ళు అరిగి, గేరు ఎక్కడ పడిందో తెలియడం మానేసింది. ఆ కిట్ కోసం, మడమతో ఒక్క నొక్కు నొక్కితే బండిని న్యూట్రల్‌కు తెచ్చే న్యూట్రల్ ఫైండర్‌ను పీకేయడం నాకైతే అన్యాయమనిపిస్తుంది. సిగ్నల్ దగ్గర దానంత సుఖం ఇంకోటి లేదు. ఇక బ్రేకుల దగ్గర బావదే పైచేయి. నా డ్రమ్ బ్రేకులతో బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ముందు బండికి చాలా దూరం వదలాలి, ఆ ఖాళీలోకి ఆటోలు దూరుతుంటాయి.

రంగు విషయంలో పెయింటర్‌తో పెద్ద వాదనే జరిగింది. టాంకు మీది బంగారు గీతలు కుంచెతో చేత్తో గీసినవి. మోకాలు రాసుకున్న చోట చెరిగిపోయాయి. మొత్తం గీకేసి స్టిక్కరు వేస్తే కొత్తదానిలా ఉంటుందన్నాడు. టాంకు ముట్టుకోవద్దని, తుప్పుపట్టిన మడ్‌గార్డులకు మాత్రం రంగు వేయించాను. రెండు నలుపులూ కలవవు, చూసినవాళ్ళు అడుగుతూనే ఉంటారు. అయినా బజారులో ‘ఒరిజినల్’ అంటూ అమ్మే కొత్త టాంకులకూ మడ్‌గార్డులకూ బోల్టు రంధ్రాలే సరిగా కూర్చోవు. వాటితో మెరిపించిన బండి కన్నా వెలిసిన టాంకే అసలుకు దగ్గర.

సైలెన్సర్ పొడవుదే ఉంచాను. మోత చేసే సైలెన్సర్లను పోలీసులు రోడ్ రోలర్ కింద నలిపిస్తున్న కాలంలో దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

కాగితాల సంగతి మాత్రం మార్పులు చేయించే ముందే చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులను ఒప్పుకోదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రంగు మారిస్తే ఆర్సీలో ఎక్కించాలి. రెన్యువల్‌కు వెళ్తే ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ (అంకెల మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది తీసే అచ్చు) అడుగుతారు. బావ ఫ్రేముకు పౌడర్ కోటింగ్ మందంగా పడి అంకెలు పూడుకుపోవడంతో అక్కడంతా గీకాల్సి వచ్చింది. నేను కోటింగ్‌కు ముందే నంబరు మీద టేపు వేయించాను.

2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి ‘వీఏ’ సిరీస్ నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20 వేలు, గడువు పదేళ్ళు. కానీ అలాంటి బండిని రోజూ వాడకూడదు. మా రెండు బళ్ళకూ 2028లో యాభై నిండుతాయి. ఒంటి సీటు కోసం ఫ్రేము వెనక భాగం కోయించాడు కాబట్టి బావ ఆశ వదిలేశాడు. నేనూ దరఖాస్తు పెట్టను, ఆఫీసుకు వెళ్ళాలిగా.