గీతకే వివరం కట్టేస్తే: ఆటోక్యాడ్ మ్యాప్ 3డిలో ఆబ్జెక్ట్ డేటా

మాది భీమవరం పక్క పల్లె. చేపల చెరువులు, రొయ్యల చెరువులు కొలిచి, ఆటోక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లో ప్లాన్లు గీయడం నా పని. చాలా ఏళ్లు అందరిలాగే చేశాను: గట్టు చుట్టూ పాలీలైన్ (ఒకే ముక్కగా సాగే గీత) లాగడం, మధ్యలో సర్వే నంబరు, రైతు పేరు, విస్తీర్ణం టెక్స్ట్‌గా కొట్టడం. చూడ్డానికి బానే ఉంటుంది. కానీ ఆ టెక్స్ట్‌కీ గీతకీ ఏ చుట్టరికమూ లేదు, పక్కపక్కన కూర్చున్నాయంతే.

ఉండి ఊరి దగ్గర ఒక చెరువుకి గట్టు జరిపారు. మళ్లీ కొలిచి గీత సరిచేశాను, టెక్స్ట్ మరిచాను. రైతు ప్రింటు పట్టుకొచ్చి, "ఏవండీ, రెండెకరాల పద్దెనిమిది సెంట్లని మీరే చెప్పారు కదండీ, ఇందులో ఎకరం తొంభై రెండేంటండి?" అన్నారు. తప్పు నాదే. ఆ రాత్రే ఆబ్జెక్ట్ డేటా నేర్చుకోడానికి కూర్చున్నాను: ఆటోక్యాడ్‌కి మ్యాపుల పని కోసం ఉన్న మ్యాప్ 3డిలో, గీతకే వివరాల పట్టిక తగిలించే పద్ధతి ఇది.

ముందు ఏడీఈడెఫ్‌డేటా కమాండుతో పట్టిక తయారుచేసుకోవాలి, తర్వాత ఏడీఈఅటాచ్‌డేటాతో గీతకి తగిలించాలి. సర్వే నంబరు గడిని క్యారెక్టర్ రకంగానే పెట్టండి, 112/2ఏ లాంటివి అంకెల గడిలో పట్టవు. వివరమంతా డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ డ్రాయింగ్ ఫైలు) లోపలే ఉంటుంది, ఎక్సెల్ వెంటేసుకుని తిరగక్కర్లేదు. గీత మీద నొక్కితే ప్రాపర్టీస్‌లో కనబడుతుంది, అక్కడే దిద్దుకోవచ్చు.

విస్తీర్ణానికి మాత్రం గడి పెట్టకండి. చేత్తో కొట్టిన అంకె ఎప్పుడో ఒకప్పుడు పాతబడుతుంది. మ్యాప్‌ఎక్స్‌పోర్ట్‌తో షేప్‌ఫైలు (మ్యాపు సాఫ్ట్‌వేర్లు చదివే ఫైలు) తీసేటప్పుడు ప్రాపర్టీస్ కింద ఏరియా ఎంచుకుంటే గీత నుంచే లెక్క వస్తుంది. మీటర్లలో గీశారనుకోండి, 8,822 చదరపు మీటర్లు వస్తే 40.47తో (సెంటుకి అన్ని చదరపు మీటర్లు) భాగించండి, 218 సెంట్లు. అదే ఫైలుని క్యూజీఐఎస్ అనే మ్యాపు సాఫ్ట్‌వేర్లో కొలిస్తే, ఎలిప్సాయిడ్ లెక్క (భూమి వంపుని కూడా చూసుకునేది) పెట్టి ఉంటే, సెంటులో ఆరో వంతు ఎక్కువ చూపిస్తుంది. కంగారు పడకండి. మనం గీసేది యూటీఎం (భూమిని జోన్లుగా విడదీసి చదునుగా పరిచి చూపే పద్ధతి) 44వ జోన్‌లో, అందులో మా భీమవరం దగ్గర కొలతలు రవ్వంత కుదించుకుపోతాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. ఎక్స్‌పోర్ట్‌లో మూసిన పాలీలైన్లని పాలిగాన్లుగా తీసుకోమని టిక్ పెట్టకపోతే చెరువులు రావు. షేప్‌ఫైల్లో గడి పేరుకి 10 అక్షరాలే. కొత్త సర్వే నంబరుకీ పాతదానికీ ఇంగ్లీషులో పొడుగు పేర్లు పెట్టి, రెండూ ఒకేచోట తెగిపోతే ఏది ఏదో తేల్చుకోలేక ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. ప్రింటు మీద కనబడే అక్షరాలకి యానొటేషన్ టెంప్లేట్ (గీత వివరాన్ని అక్షరాలుగా చూపే నమూనా) ఉంది, అందులో ఏరియా కూడా పెట్టొచ్చు. కానీ గీత మారితే అది తనంతట తను మారదు, మ్యాప్‌యాన్‌రిఫ్రెష్ కొట్టాలి. నాకు ఇదొక్కటే నచ్చలేదు.

తూములు, మోటారు షెడ్లకి ఇంత హంగామా అనవసరం. మామూలు బ్లాక్ యాట్రిబ్యూట్లు (మళ్లీ మళ్లీ వాడే బొమ్మతో పాటే వచ్చే వివరాల గడులు) చాలు, డేటాఎక్స్‌ట్రాక్షన్‌తో జాబితా దిగిపోతుంది. తర్వాత కొత్త ట్యాగ్ (అలాంటి మరో గడి) చేరిస్తే పాత బ్లాకుల్లోకి దానంతట అది రాదు, ఏటీటీసింక్ కొట్టాల్సిందే.

కొనేవాళ్లకి ఒక మాట: ఆటోక్యాడ్ ఎల్టీలో (తేలికపాటి వెర్షన్) మ్యాప్ 3డి రాదు. 2019 వెర్షన్ నుంచి పూర్తి ఆటోక్యాడ్ చందాలోనే టూల్‌సెట్‌గా కలిపి ఇస్తున్నారు. మీ దగ్గర అదుంటే విడిగా కొనక్కర్లేదు, దింపుకుంటే చాలు. నా దగ్గర రెండేళ్లు ఊరికే పడి ఉంది.