రాబర్ట్స్ లితోలు: పెద్ద షీటు మేలా, చిన్నది మేలా?

మొన్న వెస్ట్ మాంబళం నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. బోనస్ డబ్బు చేతికొచ్చిందట, హాల్లో గోడకు జోర్డాన్‌లోని పెట్రా శిథిలాల పాత లితోగ్రాఫ్ (రాతి అచ్చు బొమ్మ) ఒకటి పెట్టుకోవాలని ఆశ. "మామయ్యా, రెండు చూశాను. ఒకటి పెద్దది, రంగుల్లో ఉంది. ఇంకోటి చిన్నది, రంగుల్లేవు. ధరలో నాలుగింతలు తేడా. ఏది తీసుకోను?" అన్నాడు. చిన్నదే తీసుకోరా అన్నాను. ఎందుకో ఫోన్లో పూర్తిగా చెప్పలేకపోయాను. వాడిలాగే అడిగేవాళ్లు మద్రాసులో మనవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

రెండూ ఒకే మనిషి గీసిన బొమ్మలే. డేవిడ్ రాబర్ట్స్ స్కాట్లాండ్ చిత్రకారుడు. 1838లో ఈజిప్టు చేరి, నైలు మీద పడవలో నూబియా దాకా వెళ్లి, ఆ తర్వాత ఒంటెల మీద సినాయ్ దాటి 1839 మార్చిలో పెట్రా, ఆ వెంటనే జెరూసలేం చేరాడు. ఆయన గీసుకొచ్చిన వాటిని రాతి మీదకు ఎక్కించింది లూయీ హేగ్. ఆయన కుడిచేయి పుట్టుకతోనే సరిగా లేదు. అంత పనీ ఎడమచేత్తోనే చేశాడు. ఎఫ్.జి. మూన్ అనే లండన్ ప్రచురణకర్త 1842 నుంచి 1849 దాకా వీటిని భాగాలుగా తెచ్చాడు. అదే పెద్ద సైజు, షీటు ఇంచుమించు రెండడుగులు ఉంటుంది. 1855లో డే అండ్ సన్ వాళ్లు అవే బొమ్మల్ని చిన్న సైజులో పుస్తకాలుగా వేయడం మొదలుపెట్టారు. ఆ షీటు ఒక అడుగు పొడవుంటే ఎక్కువ. మావాడు చూసిన చిన్నది అదే.

పెద్దదాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఈజిప్టులో అబూ సింబెల్ గుడి ముందు ఇసుక మేటలు, ఆ విగ్రహాల పక్కన చీమల్లా మనుషులు, ఇవన్నీ పెద్ద షీటులో చూస్తే గుండె ఝల్లుమంటుంది. ఆస్వాన్ ఆనకట్ట కడుతున్నప్పుడు ఆ గుడిని ముక్కలుగా కోసి 1964-68 మధ్య పైకి తరలించారు. రాబర్ట్స్ చూసిన చోటు ఇప్పుడు నీళ్ల కింద ఉంది. చిన్న షీటులో ఆ మనుషుల ముఖాలు చుక్కలైపోతాయి. అది నిజమైన నష్టమే.

కానీ మన ఊరి సంగతి వేరు. నా దగ్గరా పెద్దది ఒకటి ఉండేది, ఈజిప్టులోని ఫిలే గుడిది. ట్యూబులో చుట్టి పంపారు. తీసేసరికి నడిమధ్య మడతలు. ఫ్రేముకిచ్చిన చోట మౌంటులో (బొమ్మ చుట్టూ పెట్టే అట్టలో) పట్టలేదని కింది అంచు కత్తిరించేశారు. మూన్ పేరు, లండన్ చిరునామా, తేదీ ఉన్న అక్షరాల వరస ఆ అంచులోనే ఉండేది. ప్రింటుకు జాతకం అదే. అది చెత్తబుట్టలోకి పోయింది. మిగిలినదాన్ని మామూలు హార్డ్‌బోర్డు మీద జిగురుతో అంటించారు. దాన్ని నేను బయటి గోడకు తగిలించాను. రెండు కార్తీక మాసాల వానలకు అద్దం లోపల చెమ్మ చేరి, ఆకాశం మీద గోధుమరంగు మచ్చలు పడ్డాయి, మూలల్లో బూజు పట్టింది. పెద్ద షీటుకు పెద్ద అద్దం, పెద్ద బోర్డు, పొడి గోడ, వీలైతే ఏసీ గది కావాలి. అద్దె ఇంట్లో ఉండే కుర్రాడికి అంత టెన్షన్ ఎందుకు? చిన్నదైతే రెండు అట్టల మధ్య బల్లపరుపుగా వస్తుంది. ఆసిడ్ లేని మౌంటులో పెట్టుకోవచ్చు. చెమ్మ ఎక్కువున్న రోజుల్లో తీసి బీరువాలో దాచుకోవచ్చు.

ఇంక రంగుల మాట. అసలు తేడా ఇక్కడే ఉంది, నేను గట్టిగా చెప్పేదీ ఇదే.

లితో అంటే రాతి అచ్చు. బవేరియా సున్నపురాయిని నున్నగా చేసి, జిడ్డు పెన్సిల్‌తో బొమ్మ గీస్తారు. రాయిని నీళ్లతో తడిపి సిరా రాస్తే, జిడ్డున్న చోటే సిరా పట్టుకుంటుంది. రాబర్ట్స్ బొమ్మలకు నల్లటి గీతలకు ఒక రాయి, లేత ఇసుక రంగుకు ఇంకో రాయి వాడారు. వెలుగు పడాల్సిన చోట రెండో రాయిని ఖాళీగా వదిలేశారు. పెట్రాలో ఖజానా అనే రాతి కట్టడం స్తంభాల మీద పడే ఎండ ఏ రంగూ కాదు, ఖాళీగా వదిలిన కాగితమే. భూతద్దంతో చూస్తే గచ్చు మీద సుద్దముక్కతో గీసినట్టు గరుకు చుక్కలు, వాటి పక్కన ఆ తెలుపు. దాని మీద ఎవరో తర్వాత గులాబీ రంగు పూస్తే ఎండ కాస్తా పోతుంది.

అప్పట్లోనే చేత్తో రంగులు వేయించి అమ్మిన షీట్లు ఉన్నాయి. అవి అందమైనవి, ఖరీదైనవి. కానీ అమ్మకం కోసం మన కాలంలో రంగు పూసినవీ అంగట్లో చాలా ఉన్నాయి. పోల్చడానికి ఒక దారి చెబుతాను. కాగితం మీద పాత తుప్పు మచ్చ ఉంటే దాని మీదుగా రంగు పూశారేమో చూడండి. పూశారంటే మచ్చ ముందు, రంగు తర్వాత. భూతద్దం కింద నీలం, ఎరుపు, పసుపు, నలుపు చుక్కలు వరసలు కట్టి కనిపిస్తే అది రాతి మీద గీసిన లితో కాదు, ఈ కాలపు ఆఫ్‌సెట్ ప్రింటు. దానికి ఎంత పెట్టినా దండగ.

ఇంకో మాట. పుస్తకం చెక్కుచెదరకుండా ఉంటే దాన్ని విప్పి షీట్లు చేసి అమ్మేవాళ్ల దగ్గర కొనొద్దు. ఎప్పుడో విడిపోయినవి కావలసినన్ని ఉన్నాయి.

మూడో దారీ ఉంది, అది మావాడికి తట్టలేదు. పరాయి దేశపు పుణ్యక్షేత్రాలే ఎందుకు? నీలిమందు వ్యాపారం చేసిన జేమ్స్ ఫెర్గూసన్ 1845లో మన గుహాలయాల లితోలు అచ్చు వేయించాడు. ఎల్లోరా, అజంతా, కార్లా, మహాబలిపురం అన్నీ ఉన్నాయందులో. రాయి మీద గీసింది టి.సి. డిబ్డిన్. మహాబలిపురం షీటు చేతికొస్తే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద బస్సెక్కి వెళ్లి ఆ రాయి ఎదుటే నిలబడి పోల్చుకోవచ్చు. పెట్రాతో ఆ వీలు ఎవరికుంది? ఇవే గుహలవంటూ డేనియల్స్ (థామస్, విలియం డేనియల్ అనే ఇంగ్లీషు చిత్రకారులు) బొమ్మలు చూపిస్తే ఒక్కటి గుర్తుంచుకోండి, వాళ్లవి 1795-1808 నాటి ఆక్వాటింట్లు. రాగిరేకు అచ్చులవి, లితోలు కావు. రేకు నొక్కిన గుర్తు కాగితం అంచున వేలికి తగులుతుంది.

ఇదే ఫెర్గూసన్ 1868లో సాంచి, అమరావతి స్తూపాల మీద తెచ్చిన పుస్తకంలో ఫోటోలతో పాటు లితోలూ ఉన్నాయి. మన కృష్ణ ఒడ్డు సున్నపురాతి శిల్పాలవి. ఆ రాళ్లలో కొన్నింటిని వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి 1845లో తవ్వించి మద్రాసు తెచ్చాడు. వాటిలో చాలా వరకు 1859లో లండన్‌కు ఓడెక్కాయి. ఎగ్మోర్ మ్యూజియంలో ఇవాళ్టికీ అమరావతి రాళ్లున్నాయి. ధర, సైజు, రంగు అన్నీ పక్కనపెట్టి నా మనసు ఎటు మొగ్గుతుందంటే ఆ షీట్ల వైపే.

మావాడు మాత్రం పెట్రానే కావాలన్నాడు. చిన్నదే తీసుకున్నాడు. అది ఇంకా పోస్టులో ఉంది. ఈలోగా మౌంటు బోర్డు కొని ఉంచాను. ఫ్రేము చేసేచోట ఈసారి నేనే పక్కన నిలబడతాను, కింది అంచు మీద కత్తెర పడకుండా.