నరసాపురం రేవులో అమాయి గుర్తొచ్చింది

ఆఫ్రికాలోని మలావీ నుంచి తిరిగొచ్చి మూడు నెలలైంది. జోంబా ఊళ్ళో ఒక సంఘం తరఫున రెండేళ్ళు సేవ చేశాను. వెళ్ళేటప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. వచ్చాక చర్చిలో సాక్ష్యం చెప్పమన్నప్పుడల్లా అందరూ ప్రార్థనల గురించి, కూటాల గురించి అడుగుతారు. నాకు ముందు గుర్తొచ్చేవి వేరు. ఆరు నెలలదాకా చిచేవా భాషలో నోరు పెగలకపోవడం. బకెట్టుతో కుళాయి దగ్గర నిలబడితే పిల్లలంతా నా జడ చుట్టూ మూగడం. రాత్రి కరెంటు పోయాక దోమతెరలో పడుకుని, అమ్మకి ఫోన్ చేస్తే ఏడుపొచ్చేస్తుందని చెయ్యకుండా ఉండిపోవడం.

ఇవన్నీ నాన్నమ్మకి చెబుతుంటే ఆవిడంది: "మన నరసాపురం వచ్చిన దొరలూ దొరసానులూ కూడా ఇలాగే ఏడ్చుంటారే అమ్మడూ." ఆ మాట పట్టుకునే డిసెంబర్ మొదటి వారంలో గోదావరి డెల్టాకి బయల్దేరాను.

ఆ దొరలు విలియం బౌడెన్, జార్జ్ బీర్. ఒకాయన రాతి మేస్త్రీ, ఒకాయన చెప్పులు కుట్టేవాడు. ఇంగ్లండులో బార్న్‌స్టపుల్ వైపు వాళ్ళు. 1836లో ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ అనే మిషనరీ వెంట భార్యలతో సహా ఓడెక్కారు. సూయజ్ కాలువ తెరిచింది 1869లో కాబట్టి వాళ్ళు ఆఫ్రికా చుట్టూ తిరిగే రావాలి. ముందు బందరులో ఉండి, తర్వాత నరసాపురం చేరారు. నెల జీతం ఇచ్చే సొసైటీ ఏదీ వెనక లేదు.

రాత్రి రైల్లో రాజమండ్రి దిగి ముందు ధవళేశ్వరం వెళ్ళాను. కాటన్ మ్యూజియం చూడవలసిందే. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట ఎలా కట్టారో నమూనాలు, పాత పనిముట్లు చూస్తే పిల్లలకి కూడా అర్థమవుతుంది. రెండు గంటలు చాలు. నేను వెతికింది మాత్రం అక్కడ లేదు. బౌడెన్, బీర్ వచ్చేనాటికి ఈ ఆనకట్టే లేదు. ఈ పచ్చని కాలవ గట్లూ, మూడు కార్లు పండే చేలూ వాళ్ళు చూడలేదు. 1833 నాటి డొక్కల కరువు వెళ్ళి నాలుగేళ్ళైనా కాని నేల మీద అడుగుపెట్టారు. వచ్చిన మూడేళ్ళకే, 1839 నవంబరులో, కాకినాడ దగ్గరి కోరంగి రేవుని ఉప్పెన ముంచేసింది. కొత్త దేశంలో మొదటి వానాకాలానికే నా గుండె జారిపోయింది. వీళ్ళు దేన్ని చూసి ఆగారో అనుకుంటూ చాలాసేపు ఆ గట్టుమీదే కూర్చున్నాను.

ఆ రాత్రి బస దిండి ఊళ్ళో. రాజోలుదాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. టూరిజం వాళ్ళ రిసార్టు గోదావరి ఒడ్డున కొబ్బరి తోటలో ఉంది. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు వచ్చాయి, చేపల వేపుడు బాగుంది. కుటుంబంతో వెళ్ళేవాళ్ళకి నిశ్చింతగా చెబుతాను. ఒక పరాయి మనిషి ఈ నేలమీద ఎలా బతికాడో తెలుసుకోవాలంటే మాత్రం అక్కడ పలకరించేవాళ్ళు లేరు. పొద్దున్నే చించినాడ వంతెన దాటి పాలకొల్లు వచ్చేశాను. క్షీరారామం గోపురం దూరం నుంచే కనిపిస్తుంది. డచ్చివాళ్ళ సమాధుల దగ్గర కాసేపు ఆగాను. బౌడెన్ కన్నా చాలా ముందే ఇక్కడికొచ్చి, ఇక్కడే మట్టిలో కలిసినవాళ్ళు. ఆ రాతి అక్షరాల మీద చెయ్యి పెట్టి చూడండి, ఎంత లోతుగా చెక్కారో తెలుస్తుంది.

నరసాపురంలో బజారు దగ్గర ఒక లాడ్జిలో దిగాను. ఏసీ లేని గది, రాత్రికి తొమ్మిది వందలు. దుప్పట్లు ఉతికినవే. కిటికీకి దోమతెర చిరిగి ఉంటే దిగగానే చెప్పాను, రెండు రాత్రులూ ఎవరూ పట్టించుకోలేదు. మలావీలో రెండేళ్ళు దోమతెర లేకుండా పడుకోలేదు నేను, మలేరియా ఏం చేస్తుందో పక్క మంచాల మీద చూశాను. అందుకే కోపమొచ్చింది. డెల్టాకి వచ్చేవాళ్ళు వెంట ఒక తెర తెచ్చుకోండి. ఒంటరిగా వచ్చిన ఆడపిల్లనని లాడ్జి పెద్దాయన ఆధార్ చూసి, "ఎవరి తాలూకమ్మా?" అని అడిగి, మా నాన్నమ్మ ఊరు చెప్పగానే మెట్ల పక్క గది మార్చి వీధి వైపు గది ఇచ్చారు. ఆ మర్యాదకి మళ్ళీ అక్కడే దిగుతాను. పక్క సందులో పెసరట్టు ఉప్మా, అల్లం పచ్చడి రుచి ఇంకా నాలుక మీదే ఉంది.

మర్నాడు పొద్దున్న మాధవాయిపాలెం రేవుకి వెళ్ళాను. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి. కార్లూ, మోటారు సైకిళ్ళూ, గడ్డిమోపులూ, బడి పిల్లలూ అందరూ ఒకే పంటు మీద, అంటే బల్లకట్టు మీద. ఎక్కేచోట చెక్క తడిసి జారుతుంది, పెద్దవాళ్ళని చెయ్యి పట్టి ఎక్కించాలి. ఎక్కాక మాత్రం ఆ ప్రయాణానికి సాటి లేదు. గంపలో ఎండు నెత్తళ్ళు పెట్టుకుని ఒకామె నా పక్కనే నిలబడింది. ఆ వాసన తగలగానే జోంబా సంత కళ్ళముందు నిలిచింది. అక్కడ ఉసిపా అంటారు, సరస్సులో పట్టి ఎండబెట్టిన చిట్టిచేపలు. మొక్కజొన్న పిండితో సంకటిలాంటి న్సీమా వండి దానికి నంజుకుంటారు. మొదటి నెల ముద్ద మింగుడుపడలేదు. నేనున్న ఇంటి యజమానురాలు చూసి చూసి, ఒకరోజు ఉసిపాలో ఉల్లిపాయ, టమాటా, నేను తీసుకెళ్ళిన కారం వేసి పులుసులా వండింది. ఆరోజు కడుపునిండా తిన్నాను.

ఆవిణ్ణి 'అమాయి' అని పిలిచేదాన్ని. చిచేవాలో అమ్మ అని అర్థం. మా భాషలో అమ్మాయి అంటే ఆడపిల్ల అని చెబితే ఎంత నవ్విందో! అప్పటినుంచి ఆవిడ నన్ను 'అమ్మాయీ' అనేది, నేను ఆవిణ్ణి 'అమాయీ' అనేదాన్ని. ఎవరింటికి వెళ్ళినా గుమ్మం బయటే నిలబడి "ఓడీ" అనాలనీ, లోపల్నుంచి "ఓడినీ" అని వినపడ్డాకే అడుగు పెట్టాలనీ నేర్పింది ఆవిడే. ఏ పుస్తకమూ చెప్పలేదు. బౌడెన్, బీర్ వచ్చేనాటికి క్యాంబెల్ దొర తెలుగు వ్యాకరణం ఉంది కానీ బ్రౌన్ నిఘంటువులు 1850ల్లో గానీ అచ్చుకాలేదు. మరి వాళ్ళకి 'అండీ' ఎక్కడ పెట్టాలో, 'ఒరే' ఎవరిని అనకూడదో ఎవరు చెప్పారు? ఏ పాలామె, ఏ వంటవాడు, ఏ రేవులో పడవవాడు? వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. పంటు మీద ఉన్నంతసేపూ నేను ఆ మనుషుల్నే వెతుక్కున్నాను.

అంతర్వేది దాకా వెళ్ళి, గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసేచోటు చూసి సాయంత్రానికి వచ్చేశాను. ఆటో పోనూ రానూ బేరం ముందే మాట్లాడుకోండి.

ఆదివారం బౌడెన్, బీర్ వాళ్ళ బ్రదరన్ శాఖ సహవాసంలో కూర్చున్నాను. ఆడవాళ్ళంతా ముసుగు వేసుకుని ఒక పక్క. పాస్టరంటూ ప్రత్యేకంగా ఎవరూ లేరు, ఒక్కో సహోదరుడు లేచి ప్రార్థించి కూర్చుంటున్నాడు, మధ్యలో చాలాసేపు నిశ్శబ్దం. రొట్టె నా చేతికి వచ్చినప్పుడు కన్నీళ్ళు ఆగలేదు.

చివరి రోజు సీతారామపురం వైపు, లేసు అల్లేవాళ్ళ దగ్గరికి. ఈ అల్లికని పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి ఆడవాళ్ళకి నేర్పింది మిషనరీ స్త్రీలే. లేస్ పార్కులో తయారైన సరుకు చూడొచ్చు, కొనొచ్చు. నేనైతే ఇళ్ళ అరుగుల మీద కూర్చోమంటాను. ఒక మామ్మగారు పక్కన చోటు చూపించి కొక్కెం సూది నా చేతికిచ్చారు. ఎడమచేతి చూపుడువేలుకి దారం చుట్టి, కొక్కెంతో లాగి, ముడిలోంచి ముడి తియ్యాలి. నాది బిగుసుకుపోయింది. "దారాన్ని ఈడవకు అమ్మాయ్, దానంతటది రావాల. ఇప్పు, మళ్ళీ మొదలెట్టు." నాలుగుసార్లు విప్పించారు. ఐదోసారి "ఆయ్, ఇప్పుడు కుదిరింది" అన్నారు. రోజంతా అల్లితే చేతికొచ్చేది ఎంతో అడిగితే ఆవిడ చెప్పిన మొత్తం వింటే మనసు చివుక్కుమంది. బేరమాడకండి. వాళ్ళు అడిగింది ఇవ్వండి.

అరచేతంత తెల్లటి గుండ్రం ఒకటి కొన్నాను. రైలుకి ఇంకా మూడు గంటలు ఉండగా పోస్టాఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో ఆయన చిరునామా రెండుసార్లు చదివి అడిగారు:

"జోంబా ఎక్కడమ్మా?"

"ఆఫ్రికాలో అండి. మలావీ."

"అక్కడ మీకెవరున్నారు?"

"మా అమాయి అండి."

ఆయన 'అమ్మాయి' అని విన్నట్టున్నారు. "చదువుకుంటోందా?" అంటూ స్టాంపులు అంటించారు.